పక్షవాతం వచ్చిన చేతికి టీఎంఎస్, ఆక్యుపేషనల్ థెరపీ: రెండూ కలిపి ఎలా చేయించుకోవాలి

“మేడం, తలకి మెషిన్ పెడితే చెయ్యి లేస్తుందట కదా? ఎన్ని సిట్టింగులు పడతాయి?”

పక్షవాతం వచ్చినవాళ్ళ ఇంట్లోవాళ్ళు నన్ను ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకునేలా సాధన చేయించేదాన్ని. స్ట్రోక్ తర్వాత పడిపోయిన చేతులతోనే నా రోజంతా గడుస్తుంది. ఒక్కొక్కరికీ మళ్ళీ మళ్ళీ చెప్పేదంతా ఒకచోట ఉంటే మీకూ వీలుగా ఉంటుందని ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మెషిన్ ఒక్కటే చెయ్యిని లేపదు. తొలకరి పడ్డాక నేల పదును మీద ఉన్నప్పుడే విత్తనం వేస్తారు కదా, ఇదీ అంతే. మెషిన్ చేసేది మెదడుకు కాసేపు పదును పెట్టడం. ఆ పదును ఆరేలోపు చేతితో చేయించే పనే విత్తనం. మెషిన్ పెట్టించుకుని ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళి పడుకుంటే డబ్బు, శ్రమ రెండూ పోతాయి.

అసలు ఏం చేస్తారు

తల మీద ఒక కాయిల్ ఆనించి అయస్కాంత తరంగాలతో మెదడులోని ఒక చిన్న భాగాన్ని ప్రేరేపిస్తారు. దీన్నే టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) అంటారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం దీన్ని మొదట చేసి చూపింది. చాలామంది భయపడే షాక్ ట్రీట్‌మెంట్ ఇది కాదు. మత్తు ఇవ్వరు, కోత ఉండదు. టక్ టక్‌మని చప్పుడు వస్తుంది, నెత్తి మీద వేలితో కొట్టినట్టు ఉంటుంది. ఆ సేపంతా మీరు మాట్లాడుతూనే ఉండవచ్చు.

దీన్ని ఆక్యుపేషనల్ థెరపీతో గట్టిగా ముడివేసినవాళ్ళు జపాన్‌వాళ్ళు. టోక్యోలోని జికెయి యూనివర్సిటీలో మసాహిరో అబో, వతారు కకుడా బృందం 15 రోజులు ఆస్పత్రిలో ఉంచి చేసే ఒక పద్ధతి తయారు చేసింది. దాని పేరు ‘న్యూరో’. ఒక విడతలో 20 నిమిషాలు టీఎంఎస్, ఆ తర్వాత 60 నిమిషాలు థెరపిస్టు దగ్గర ఒక్కరికే థెరపీ, ఇంకో 60 నిమిషాలు సొంతంగా సాధన. ఇలాంటివి రోజుకు రెండు చొప్పున మొత్తం 22 విడతలు. లెక్క వేసి చూడండి: మెషిన్ కింద ఏడున్నర గంటలు కూడా కాదు, చేతి పని మాత్రం 44 గంటలు. మీరు వెళ్ళే చోట ఈ లెక్క తలకిందులుగా ఉంటే అక్కడ చేసేది ఈ వైద్యం కాదు.

ఫలితాల సంగతి దాచకుండా చెబుతాను. 2012లో ఈ పద్ధతిలో 204 మందికి చేసిన వివరాలు ప్రచురించారు. 66 మార్కుల చేతి పరీక్షలో సగటున నాలుగు మార్కులు పెరిగాయి. స్ట్రోక్ వచ్చి ఏళ్ళు గడిచినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. కానీ పోల్చి చూడటానికి మెషిన్ పెట్టని గుంపు లేదు. తర్వాత అమెరికాలో 199 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. కొందరికి అసలు మెషిన్, కొందరికి ఉత్తుత్తి మెషిన్ పెట్టి, చేతి థెరపీ మాత్రం అందరికీ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడింట రెండు వంతుల మంది బాగుపడ్డారు, తేడా కనిపించలేదు. మరోవైపు 2020 నాటి యూరప్ నిపుణుల మార్గదర్శకాలు, స్ట్రోక్ వచ్చిన తొలి నెలల్లో ఉన్నవారి చేతికి ఒక రకం టీఎంఎస్ పనిచేస్తుందని గట్టిగానే చెప్పాయి. నాకు వీటిలో కనిపించేది ఒకటే: బాగుపడ్డ చోటల్లా చేతి పని గట్టిగా జరిగింది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

కావలసినవి

- స్కానింగ్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వేసుకుంటున్న మందుల చీటీ
- రిపోర్టులన్నీ చూసి సరే అనే న్యూరాలజిస్టు
- టీఎంఎస్, ఆక్యుపేషనల్ థెరపీ ఒకే చోట దొరికే సెంటర్
- రెండు మూడు వారాల పాటు పూర్తిగా దీనికే కేటాయించిన సమయం, తోడుగా ఒక మనిషి
- ఇంట్లో: కదలని కుర్చీ, బల్ల, పాత కండువా, నోట్‌బుక్, వీడియో తీయడానికి ఫోన్, పాతిక అగ్గిపెట్టెలు, అట్టపెట్టె, స్టీలు గ్లాసు, బట్టల క్లిప్పులు, గుండీలున్న పాత చొక్కా

1. చెయ్యి ఏ స్థితిలో ఉందో చూసుకోండి

బల్ల మీద చెయ్యి పెట్టి వేళ్ళు మూసి తెరవమనండి. పూర్తిగా తెరుచుకోకపోయినా ఫరవాలేదు. మూసిన వేళ్ళు తనంతట తాను కాస్తయినా విప్పగలిగితే ఈ పద్ధతికి తగిన చెయ్యి అది. భుజం నుంచి వేళ్ళ దాకా ఏ కదలికా లేకపోతే ఇప్పుడే 15 రోజుల ప్యాకేజీకి డబ్బు కట్టకండి. ముందు కదలిక తెచ్చే థెరపీ, భుజం జారకుండా చూసుకోవడం ముఖ్యం.

చెయ్యి కదులుతున్నా బాగా బిగుసుకుపోయి వేళ్ళు అరచేతిలోకి గుచ్చుకుంటుంటే డాక్టరుతో ఆ మాట ముందే చెప్పండి. బొటాక్స్ ఇంజెక్షన్‌తో బిగువు తగ్గించి తర్వాత థెరపీ మొదలుపెట్టడం ఒక దారి. జపాన్ బృందం కూడా కొందరికి అలా చేసింది.

2. మెషిన్ పెట్టకూడని సందర్భాలు

ఇక్కడ మొహమాటం వద్దు, ఏదీ దాచవద్దు. కింది వాటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పాల్సిందే.

- పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, తలలో క్లిప్పు లేదా ఇంకేదైనా లోహం
- ఎప్పుడైనా ఫిట్స్ రావడం. స్ట్రోక్ వచ్చిన రోజు ఒక్కసారే వచ్చినా సరే చెప్పాలి
- గర్భం
- రోజూ మద్యం తాగే అలవాటు, లేదా ఈ మధ్యే ఉన్నట్టుండి మానేయడం
- ట్రమడాల్, బుప్రోపియాన్, థియోఫిలిన్ లాంటి మందులు. ఇవి ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి

మందుల విషయంలో మీ అంతట మీరు ఏదీ ఆపకండి. చీటీ చూపించండి, డాక్టరు నిర్ణయిస్తారు.

3. డబ్బు కట్టే ముందు సెంటర్‌ని ఈ అయిదు ప్రశ్నలు అడగండి

ఒకటి: మెషిన్ తర్వాత ఎంతసేపటికి చేతి థెరపీ మొదలవుతుంది? “వెంటనే” అన్నదే సరైన జవాబు. “థెరపిస్టు మంగళ, శుక్రవారాలే వస్తారండీ” అంటే వేరే చోటు చూసుకోండి.

రెండు: థెరపిస్టు మీ ఒక్కరితోనే ఎంతసేపు ఉంటారు?

మూడు: మోతాదు ఎలా నిర్ణయిస్తారు? తల మీద తరంగం ఇస్తూ చేతి కండరం ఎక్కడ స్పందిస్తుందో చూసి, ఆ మనిషికి సరిపోయే బలం కొలవాలి. అందరికీ ఒకే నంబరు పెట్టడం సరికాదు. న్యూరో పద్ధతిలో ఆ కొలతకు 90 శాతం బలంతో, సెకనుకు ఒకటి చొప్పున 20 నిమిషాల్లో 1200 తరంగాలు ఇచ్చారు.

నాలుగు: తలకు ఏ వైపు పెడతారు, ఎందుకు? ఇక్కడ ఇంట్లోవాళ్ళకు బాగా కంగారు పుడుతుంది. కుడి చెయ్యి పడిపోయింది అంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమ వైపు. కాయిల్ చూస్తే కుడి వైపు పెడుతున్నారు! పొరపాటు కాదు. బాగున్న వైపు మెదడు దెబ్బతిన్న వైపును అణచిపెడుతుందని ఒక అవగాహన. నెమ్మది తరంగాలతో ఆ జోరు తగ్గిస్తారు. దెబ్బతిన్న వైపే వేగమైన తరంగాలిచ్చే పద్ధతి కూడా ఉంది. చెయ్యి మరీ బలహీనంగా ఉన్నవాళ్ళకు బాగున్న వైపే సాయం చేస్తూ ఉండవచ్చు, అలాంటప్పుడు దాన్ని తగ్గించడం మంచిది కాకపోవచ్చు. కాబట్టి “ఎందుకు” అన్నదానికి మీ స్కాన్ చూపించి జవాబు చెప్పగలగాలి.

అయిదు: ఫిట్స్ వస్తే చూసుకోవడానికి గదిలో ఎవరుంటారు?

4. ఒక్క పని ఎంచుకోండి

“చెయ్యి బాగుపడాలి” అనేది ఆశే కానీ లక్ష్యం కాదు. చొక్కా గుండీ పెట్టుకోవడం, జడ వేసుకోవడం, తలుపు గడియ తీయడం, ఇలా ఒక్క పని చెప్పమనండి. ఆ మనిషికి ఏది కావాలో ఆ మనిషే చెప్పాలి. కొడుకో కోడలో చెబితే కుదరదు.

మా దగ్గరకు ఒక పెద్దాయన వచ్చేనాటికి ఏడు నెలలుగా స్పూనుతో తింటున్నారు. పడింది కుడి చెయ్యి. పంక్తిలో కూర్చుని ఎడమ చేత్తో తినలేక పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. ఏం కావాలి బాబాయ్ అంటే, “పప్పన్నం కలుపుకోవాలమ్మా” అన్నారు.

ఆ పనిని విడగొట్టి చూస్తే తెలుస్తుంది అందులో ఎంత ఉందో. వేళ్ళు విచ్చుకుని పళ్ళెం దాకా వెళ్ళాలి. అన్నం నలగకుండా దగ్గరకు తీయాలి. చెయ్యి పైకి లేచేటప్పుడు మణికట్టు తిరిగి అరచెయ్యి తన వైపు రావాలి. ఆఖరున బొటనవేలు ముద్దను వెనక నుంచి నోట్లోకి నెట్టాలి. ఆయనకు ముందున్నవన్నీ అంతో ఇంతో వచ్చేవి. ఆ చివరి నెట్టుడు ఒక్కటి రాక ముద్ద ఒళ్ళో పడిపోయేది. అందుకని అన్నం పక్కన పెట్టి, చపాతీ పిండి చిన్న చిన్న ఉండలు చేసి, వేళ్ళ మీద పెట్టి, బొటనవేలితో గిన్నెలోకి నెట్టించాం. ఒక కూర్చోవడంలో వంద ఉండలు. తర్వాత తడిపిన అటుకులు. ఆ తర్వాతే గట్టిగా కలిపిన పప్పన్నం. పదకొండో రోజు సగం ముద్ద నోట్లోకి వెళ్ళింది, సగం చొక్కా మీద పడింది. ఆయన చొక్కా వైపు చూడనే లేదు.

మీరు ఎంచుకున్న పనిని కూడా ఇలాగే విడగొట్టి, ఎక్కడ ఆగిపోతుందో థెరపిస్టుతో కూర్చుని వెతకండి. సాధన అక్కడ చేయాలి.

5. మొదలుపెట్టే ముందు కొలిచి రాసుకోండి

సెంటర్‌లో 66 మార్కుల ఫ్యూగల్-మేయర్ పరీక్ష చేస్తారు. ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో రెండు పనులు చేయండి.

మొదటిది వీడియో. ఎంచుకున్న పనిని చేయమని, పక్క నుంచి తీయండి. నడుము, భుజం, చెయ్యి మూడూ కనిపించాలి.

రెండోది అగ్గిపెట్టెల లెక్క. అట్టపెట్టె మధ్యలో జానెడు ఎత్తు అట్ట నిలబెట్టి, ఒక వైపున్న అగ్గిపెట్టెలను ఒక్కొక్కటిగా అవతలికి వేయమనండి. నిమిషంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. ఆస్పత్రుల్లో చెక్క దిమ్మలతో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం. దీన్ని వేరేవాళ్ళ అంకెతో పోల్చకండి, మీ నిన్నటి అంకెతో పోల్చుకోవాలి.

6. మెషిన్ రోజున

ముందు రాత్రి నిద్ర సరిగా పోవాలి. నిద్ర లేకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏకాదశి అనో శనివారం అనో ఉపవాసంతో రాకండి. టిఫిన్ తిని, బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకుని రండి. దుద్దులు, ముక్కుపుడక, జడపిన్నులు, వినికిడి మెషిన్ తీసేయండి. ఫోను, ఏటీఎం కార్డులు కాయిల్ దగ్గరకు తేవద్దు. చెవుల్లో ప్లగ్గులు పెట్టమని అడగండి, వాళ్ళు మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు.

కొందరికి కాస్త తలనొప్పి వస్తుంది, చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ఫిట్స్ చాలా అరుదు. ఒకవేళ ఇంటికి వచ్చాక వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైము చూసుకోండి. చేతిలో తాళాలగుత్తి పెట్టకండి, నోట్లో ఏమీ పెట్టకండి. అయిదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ఆగిపోయినా సరే, తర్వాతి సెషన్‌కు వెళ్ళే ముందు డాక్టరుకు చెప్పాలి.

7. మెషిన్ ఆగిన వెంటనే: అసలు పని

కాఫీకి వెళ్ళి అరగంట తర్వాత రావద్దు. కుర్చీలోంచి లేచి నేరుగా థెరపీ బల్ల దగ్గరకు.

మొదటి పది నిమిషాలు చేతిని వదులు చేయడం, భుజం, మోచెయ్యి, వేళ్ళు మెల్లగా సాగదీయడం. తర్వాత ఎంచుకున్న పనిలో ఆగిపోతున్న ముక్క. ఆ తర్వాత మొత్తం పని.

సాధన కష్టంగా ఉండాలి, కానీ అసాధ్యంగా ఉండకూడదు. పదిసార్లు చేస్తే ఆరేడుసార్లు కుదిరేలా పెట్టుకోండి. పదికి పదీ కుదిరితే గ్లాసులో కాసిని నీళ్ళు పోసి బరువు పెంచండి. రెండే కుదిరితే గ్లాసు దగ్గరకు జరపండి, లేదా పెద్ద గ్లాసు పెట్టండి.

నడుము వంచి చెయ్యి అందించడం, భుజం చెవి దాకా ఎత్తడం, ఇవి చెయ్యి చేయలేని పనిని ఒళ్ళు చేసిపెట్టడమే. చూసేవాళ్ళకు గ్లాసు అందినట్టే ఉంటుంది, మోచెయ్యి మాత్రం ఇంచు కూడా చాచుకోదు. కండువాను ఛాతీ మీదుగా కుర్చీ వెనక్కి వదులుగా కట్టండి. ఊపిరికి అడ్డం రాకూడదు. ఇప్పుడు ముందుకు వంగడానికి ఉండదు కాబట్టి మోచెయ్యి చాచక తప్పదు. మొదటి రోజు అందే దూరం తగ్గిపోతుంది, కంగారు పడకండి. నిజమైన కొలత అదే.

8. ఇంటి దగ్గర రెండో గంట

సొంత సాధనను చాలామంది వదిలేస్తారు, లేదా టీవీ చూస్తూ చేస్తారు. కళ్ళు చేతి మీదే ఉండాలి. వంటింట్లోనే కావలసినంత పని దొరుకుతుంది: కొత్తిమీర తుంపడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి వలవడం, తువ్వాలు మడతపెట్టడం, తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టడం. ఎన్నిసార్లు చేశారో నోట్‌బుక్‌లో గీతలు గీయండి. “గంట చేశాం” అని రాయకండి. గంటలో ఇరవైసార్లు చేశారా, రెండు వందలసార్లు చేశారా అన్నదే ముఖ్యం.

వేడి వస్తువులు, కత్తి, కత్తిపీట ఆ చేతికి ఇవ్వకండి. స్పర్శ సరిగా తెలియని చెయ్యి కాలినా తెలియదు. ఇసుక కాపడం పెట్టి బొబ్బలెక్కిన చేతులు నేను చాలా చూశాను.

తరచుగా జరిగే పొరపాట్లు

రబ్బరు బంతి. పక్షవాతం అనగానే ఎవరో ఒకరు బంతి కొనిస్తారు, రోజంతా పిసుకుతుంటారు. ముడుచుకుపోయే చేతికి రావలసింది విప్పడం. బంతి పట్టుకోవడం కాదు, పట్టుకున్నది వదలడం సాధన చేయించండి.

పడిన చెయ్యి పట్టుకుని లేపడం. మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆ చెయ్యి లాగితే భుజం జారుతుంది, తర్వాత నొప్పితో థెరపీయే ఆగిపోతుంది. చంక కింద చెయ్యి వేసి లాగడం కూడా తప్పే. నడుము దగ్గర పట్టుకుని లేపండి.

ప్రేమతో అన్నీ చేసిపెట్టడం. గుండీ పెట్టుకోవడానికి ఆయనకు ఆరు నిమిషాలు పడుతుంటే, ఆలస్యమవుతోందని భార్య వచ్చి పెట్టేస్తుంది. ఆ ఆరు నిమిషాలే మందు. పొద్దున్నే ఓ అరగంట ముందు లేవండి, అంతే.

పసరు, పావురం రక్తం. ఇవి చేతికి చేసే మేలేమీ లేదు. వాటితో పాటు పథ్యం పేరుతో బీపీ మాత్రలు ఆపేస్తారు, అదే నాకు టెన్షన్. రెండో స్ట్రోక్ అలాగే వస్తుంది.

ఆన్‌లైన్‌లో కొన్న బ్యాటరీ మెషిన్. తలకు చిన్న కరెంటు ఇచ్చే టీడీసీఎస్ అనే పద్ధతి వేరే ఉంది. ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజీల మీదుగా ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు, దాదాపు 20 నిమిషాలు ఇస్తారు. ఖర్చు తక్కువ, చేతి పని చేస్తుండగానే పెట్టుకోవచ్చు. కానీ స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది, చోటు తప్పితే ప్రయోజనం లేదు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఇంట్లో పెట్టుకోకండి.

9. పనిచేస్తోందా? ఇలా చూడండి

వారానికి ఒకసారి, అదే కుర్చీ, అదే సమయం, అదే అగ్గిపెట్టెలు. రోజూ కొలిస్తే నిద్ర బట్టి, చలి బట్టి అంకె ఎగుడుదిగుడుగా వచ్చి మనసు పాడవుతుంది. పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టి చూడండి. పని అయ్యిందా అన్నది ఒక్కటే కాదు, నడుము తక్కువ వంగిందా, భుజం కిందికి ఉందా చూడండి.

66 మార్కుల పరీక్షలో ఒకటి రెండు మార్కులు పెరిగితే అది కొలతలో తేడా కూడా కావచ్చు. అయిదు దాటితే మార్పు వచ్చినట్టే. మార్కులు పెరిగినా ఇంట్లో ఆ చెయ్యి ఒళ్ళోనే పడి ఉంటే థెరపిస్టుకు చెప్పండి. భోజనం దగ్గర, స్నానం దగ్గర ఆ చెయ్యి ఎన్నిసార్లు ముందుకొచ్చిందో ఇంట్లోవాళ్ళే గమనించగలరు.

టీఎంఎస్ దొరకకపోతే, డబ్బు సరిపోకపోతే

దిగులు పడకండి. అమెరికాలో అలబామా యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ టాబ్ అభివృద్ధి చేసిన పద్ధతికి మెషిన్ అక్కర్లేదు. బాగున్న చేతికి మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం తొడుగు వేసి, పడిన చేత్తోనే పనులు చేయిస్తారు. రెండు వారాలు, రోజుకు కొన్ని గంటల థెరపీ. 2006లో 222 మందితో జరిగిన అధ్యయనంలో మామూలు వైద్యం కంటే ఇది మెరుగ్గా ఉంది. మణికట్టు, వేళ్ళు కాస్త పైకి లేపగలిగేవాళ్ళకే ఇది కుదురుతుంది. నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తొడుగు తీసేయాలి, పడిపోతే పట్టుకోవడానికి ఆ చెయ్యే దిక్కు.

మెడలోని నరాన్ని ప్రేరేపించే పరికరం ఒంట్లో అమర్చే పద్ధతికి 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దానికి ఆపరేషన్ కావాలి, దాంతో పాటు కూడా వారాల తరబడి చేతి థెరపీ చేయాల్సిందే.

15 రోజులు అయిపోయాక

చివరి రోజు థెరపిస్టు దగ్గర ఇంట్లో చేయాల్సిన అయిదారు పనులు రాయించుకోండి, ఒక్కొక్కటి ఎన్నిసార్లో అంకెతో సహా. నెలకోసారి చూపించుకునే తేదీ కూడా అప్పుడే వేయించుకోండి. ఆ కాగితం ఫైల్లో పెట్టకండి, భోజనాల బల్ల దగ్గర గోడకు అంటించండి.